కీ ఎవరిదో కారుకు తెలుసు, ఎక్కడుందో తెలియదు

జేబులోంచి తీయకుండానే కారు తలుపు తెరిచే స్మార్ట్ కీలో రెండు రేడియోలు పనిచేస్తుంటాయి. హ్యాండిల్ మీద చెయ్యి పడగానే, లేదా స్టార్ట్ బటన్ నొక్కగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పిలుపు పంపుతుంది. అందులో ప్రతిసారీ మారే ఒక సంఖ్య ఉంటుంది. కీ ఆ సంఖ్యను తనలోని రహస్య సంకేతంతో కలిపి లెక్కగట్టి, జవాబును 433.92 మెగాహెర్ట్జ్ మీద పంపుతుంది. అమెరికా, జపాన్‌లలో దీనికి ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ వాడతారు. కారు కూడా అదే లెక్క చేసుకుని సరిచూస్తుంది. రెండూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది, ఇంజిన్ లేస్తుంది.

పిలుపుకు ఒక ఫ్రీక్వెన్సీ, జవాబుకు మరొకటి ఎందుకు? 125 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 2.4 కిలోమీటర్లు. తలుపు హ్యాండిల్లో పట్టే బుల్లి యాంటెన్నా అంత పొడవాటి తరంగాన్ని దూరానికి పంపలేదు. దాని చుట్టూ ఒక అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది, అంతే. దూరం రెట్టింపైతే ఆ క్షేత్రం బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందువల్ల ఒకటి రెండు మీటర్లు దాటితే కీకి పిలుపు అందదు. ఇంజినీర్లు కోరుకున్నదీ అదే. పిలుపు అందిందంటే కీ పక్కనే ఉన్నట్టు లెక్క అనుకున్నారు.

కారు నిజంగా దూరాన్ని కొలవడం లేదు. ఊహిస్తోంది. రిలే దొంగతనం మొత్తం ఆ ఊహ మీదే నడుస్తుంది.

ఒకడు కారు దగ్గర, మరొకడు ఇంటి తలుపు దగ్గరో కిటికీ దగ్గరో నిలబడతారు. కారు పంపిన పిలుపును మొదటివాడి పరికరం అందుకుని రెండోవాడి పరికరానికి చేరవేస్తుంది. అది ఆ పిలుపును అదే రూపంలో, బలం పెంచి, గోడ అవతల కొక్కేనికి వేలాడుతున్న కీకి వినిపిస్తుంది. కీ తన ధర్మంగా జవాబిస్తుంది, అది కారుకు చేరుతుంది. ఇక్కడ సంకేతాన్ని ఎవరూ ఛేదించలేదు, దొంగకు అందులో ఒక్క అక్షరం కూడా అర్థం కానక్కర్లేదు. అందువల్ల రహస్య సంకేతం 40 బిట్లయినా 128 బిట్లయినా ఈ దొంగతనానికి తేడా లేదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఫ్రాన్సియోన్, డానెవ్, చాప్కున్ 2011లో ప్రచురించిన ప్రయోగంలో 8 కంపెనీల 10 మోడళ్లను పరీక్షించారు. పదీ తెరుచుకున్నాయి, పదీ స్టార్టయ్యాయి. రిలే యాంటెన్నాకు కీ 8 మీటర్ల దూరంలో ఉన్నా పని జరిగింది.

మరి కారు కదిలాక కీ దూరమైపోతుంది కదా, ఇంజిన్ ఆగిపోదా? ఆగదు, ఆగకూడదు కూడా. కీ బ్యాటరీ హైవే మీద అయిపోయిందని 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ ఆగితే ప్రాణాలు పోతాయి. అందుకే డాష్‌బోర్డు మీద కీ కనబడటం లేదని హెచ్చరిక వస్తుంది, బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. దొంగ ఇంజిన్ ఆపకుండా తన చోటుకు చేరి, అక్కడ తీరిగ్గా కొత్త కీని నమోదు చేసుకుంటాడు.

సంకేతాన్నే ఛేదించిన సందర్భాలూ లేకపోలేదు. 2018లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు టెస్లా మోడల్ ఎస్ కీలో 2005 నాటికే బలహీనమని తేలిన 40 బిట్ల పద్ధతి వాడుతున్నట్టు కనిపెట్టారు. ముందే లెక్కగట్టి పెట్టుకున్న 6 టెరాబైట్ల పట్టిక సాయంతో రెండు మూడు సెకన్లలో కీకి నకలు తయారైంది. వోక్స్‌వ్యాగన్ సహా చాలా కంపెనీలు కీలలో వాడిన మెగామోస్ అనే చిప్ కథ ఇంకా విచిత్రం. దాని లోపాలను పరిశోధకులు 2013లో ప్రచురించబోతే వోక్స్‌వ్యాగన్ లండన్ హైకోర్టు నుంచి నిషేధం తెచ్చుకుంది. చివరికి 2015లో ఒకే ఒక్క వాక్యం తొలగించి ఆ పత్రం వెలుగు చూసింది. ఆ రెండేళ్లలో రోడ్డు మీదున్న కార్ల చిప్‌లు ఏమీ మారలేదు. లోపాన్ని కోర్టు తలుపుల వెనక దాచిపెట్టడం వల్ల కారు యజమానికి ఒరిగిందేమిటో కంపెనీయే చెప్పాలి.

ఇప్పుడు అసలు రేడియో జోలికే పోని పద్ధతి. లండన్‌లో ఉండే ఇయన్ టేబర్ అనే కార్ల సైబర్ భద్రతా పరిశోధకుడి టొయోటా ర్యావ్4 బంపర్‌ను 2022లో ఎవరో ఊడదీసి, హెడ్‌లైట్ వైర్లు పీకి వదిలేశారు. ఆకతాయి పని అనుకున్నారు. జులైలో కారే పోయింది. టొయోటా యాప్ ద్వారా అందిన సమాచారం చూస్తే, పోవడానికి ముందు కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సంబంధం తెగిపోయిందంటూ వరసగా లోపాలు నమోదు చేశాయి. ఇలా కార్లు ఎత్తుకెళ్లడానికి దొంగలు వాడే పరికరం ఒకటి ఆయన తెప్పించగా, కెన్ టిండెల్ అనే ఇంజినీరు దాన్ని విప్పి పరిశీలించి 2023 ఏప్రిల్‌లో వివరాలు బయటపెట్టారు. పైకి జేబీఎల్ బ్లూటూత్ స్పీకర్. లోపల సుమారు 10 డాలర్ల విడిభాగాలు. అమ్మకం ధర 5,000 యూరోల దాకా.

అది పనిచేయడానికి కారణం క్యాన్ బస్. ఇంజిన్, బ్రేకులు, తలుపులు, లైట్లు, ఇలా కారులోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే మెలిపెట్టిన రెండు తీగల జంట ఇది. బాష్ కంపెనీ 1986లో దీన్ని పరిచయం చేసింది. అప్పట్లో కారు తీగల మీదకు బయటివాడు వస్తాడన్న ఆలోచనే లేదు. కాబట్టి సందేశంలో అది దేనికి సంబంధించిందో ఉంటుంది గాని, ఎవరు పంపారన్న రుజువు ఉండదు. చీకట్లో రచ్చబండ దగ్గర ఎవరో కరణం గారి పేరు మీద కేకేస్తే ఊరంతా నమ్మినట్టు ఉంటుంది వ్యవహారం. ‘కీ సరిచూశాం, ఇమ్మొబిలైజర్ (సరైన కీ లేకుండా ఇంజిన్‌ను లేవనివ్వని కట్టడి) తీసేయండి’ అని తీగ మీద మాట వినబడితే ఇంజిన్ కంప్యూటర్ నమ్ముతుంది. ఇక ఆ తీగను హెడ్‌లైట్ దాకా ఎందుకు లాగారంటారా? ఇప్పటి హెడ్‌లైట్ బల్బు ఒక్కటే కాదు. మలుపును బట్టి తిరిగేది, ఎదురుబండిని చూసి వెలుగు తగ్గించేది ఉంటాయి, అంటే అదీ ఒక కంప్యూటరే. తలుపు తెరవకుండానే చేతికందే కంప్యూటర్ కూడా అదే. ఈ దాడికి స్మార్ట్ కీని ఇనప్పెట్టెలో దాచినా ఉపయోగం లేదు. దీనికి విరుగుడు కారు కంపెనీ చేతిలోనే ఉంది: సందేశానికి సంకేత ముద్ర వేయడం, బయటకు కనబడే తీగలను లోపలి తీగల నుంచి గేట్‌వే అనే కాపలా కంప్యూటర్‌తో వేరు చేయడం. ఐక్యరాజ్యసమితి ఆర్155 నిబంధన కారు కంపెనీలు సైబర్ ముప్పులకు బాధ్యత వహించాలంటుంది. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అది వర్తిస్తోంది.

మూడో దారి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్. సర్వీసింగులో మెకానిక్ స్కానర్ పెట్టేది అక్కడే. కీ పోగొట్టుకున్నవాళ్లకు కొత్త కీ నమోదు చేసేదీ అక్కడి నుంచే. ఆ సౌకర్యం షోరూముకే పరిమితమైతే బయటి మెకానిక్‌ల పొట్ట కొట్టినట్టు, యజమాని జేబుకు చిల్లు పడినట్టు. అందరికీ తెరిచిపెడితే దొంగకూ తెరిచినట్టే. ఢిల్లీలో పోలీసులు పట్టుకున్న కార్ల ముఠాల దగ్గర కీ ప్రోగ్రామింగ్ ట్యాబ్‌లు, ఖాళీ కీలు దొరికిన కేసులు చాలానే ఉన్నాయి. అద్దం పగలగొట్టి లోపలికి దూరి, నిమిషాల్లో కొత్త కీ చేసుకుని పోతారు. అందుకని మన దేశంలో రిలే భయం ఒక్కటే పెట్టుకుని ఓబీడీని మరిచిపోవడం తెలివైన పని కాదు.

మళ్లీ దూరం సంగతికి వద్దాం. రేడియో తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. పిలుపు వెళ్లి జవాబు వచ్చే సమయాన్ని కచ్చితంగా కొలిస్తే కీ ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు. పాత పద్ధతిలో అది కుదరదు. 125 కిలోహెర్ట్జ్ తరంగం ఒక్క ఊపుకే 8 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, ఆ లోపు రేడియో తరంగం 2.4 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. దొంగల రిలే కలిపే ఆలస్యం ఆ కొలబద్ద మీద ఆనదు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి ఇందుకు పనికొస్తుంది. 500 మెగాహెర్ట్జ్ వెడల్పున, రెండు నానోసెకన్ల స్థాయి పల్స్‌లు పంపితే దూరం సుమారు 10 సెంటీమీటర్ల తేడాతో తెలుస్తుంది. రిలే ఎంత వేగంగా ఉన్నా సమయాన్ని పెంచగలదే తప్ప తగ్గించలేదు, కీ ఇంకా దూరంగా ఉన్నట్టే కనబడుతుంది. 2018 నుంచి ల్యాండ్ రోవర్ కొన్ని మోడళ్లలో ఇది పెట్టింది, జర్మనీ మోటారు సంఘం ఏడీఏసీ రిలే పరీక్షల్లో అవి నిలబడ్డాయి. ఆ సంఘం ఏళ్లుగా పరీక్షిస్తున్న వందల మోడళ్లలో నిలబడనివే ఎక్కువ.

చిప్ ఉన్నంత మాత్రాన సరిపోదు. 2024లో బీజింగ్‌కు చెందిన గోగోబైట్ పరిశోధకులు కొత్త టెస్లా మోడల్ 3ని రిలేతో తెరిచి చూపించారు. అందులో అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఉంది గాని, తలుపు తెరిచే ముందు దూరం సరిచూసే పనికి అప్పటికి దాన్ని వాడటం లేదు. ఆ పని బ్లూటూత్ చేసేది. షోరూంలో అడగాల్సిన ప్రశ్న ‘చిప్ ఉందా’ అని కాదు, ‘కీ దూరాన్ని కారు దేనితో కొలుస్తుంది’ అని. సేల్స్ కుర్రాడు చెప్పలేకపోతే మాన్యువల్లో చూడండి.

ఇక ఇప్పుడున్న బండికి ఏం చేయాలి. మొదట కీని నిద్రపుచ్చే ఏర్పాటు ఉందేమో చూడాలి. చాలా టొయోటా కీలలో లాక్ బటన్ నొక్కిపట్టి అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే దీపం నాలుగుసార్లు వెలిగి, కీ పిలుపులకు పలకడం మానేస్తుంది. మళ్లీ ఏదైనా బటన్ నొక్కేదాకా అంతే. ఫోర్డ్ 2019లో ఫియెస్టా, ఫోకస్ కీలకు కదలికను గుర్తించే సెన్సర్ చేర్చింది, 40 సెకన్లు కదలకుండా ఉంటే అవి నిద్రపోతాయి. ఏ సౌకర్యమూ లేకపోతే లోహపు పౌచ్. వంటింటి ఫాయిల్ 0.02 మిల్లీమీటర్ల కన్నా పలచన కాబట్టి 125 కిలోహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని పూర్తిగా ఆపలేదు. 433 మెగాహెర్ట్జ్ జవాబును మాత్రం ఆపగలదు, జవాబు బయటకు రాకపోతే చాలు. అయితే చుట్టినప్పుడు సందు ఉండకూడదు. బిస్కెట్ డబ్బా వాడేవాళ్లకు వచ్చే తంటా కూడా సందే: మూత అంచున రంగు ఉంటే లోహం లోహాన్ని తాకదు, అక్కడి నుంచి జవాబు కారిపోతుంది. కొన్న పౌచ్‌లలో లోపలి లోహపు బట్ట మడత దగ్గర కొన్ని నెలల్లో చిరుగుతుంది. పరీక్ష సులువు. కీని పౌచ్‌లో పెట్టి కారు పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకోండి, పౌచ్ మీద నుంచే అన్‌లాక్ కూడా నొక్కండి. తలుపు తెరుచుకుంటే పౌచ్ పనికిరాదు. స్పేర్ కీని బీరువాలో పడేసి మరిచిపోవద్దు, దొంగకు అదీ సమానమే.

స్టీరింగ్‌కు బిగించే ఇనుప లాక్‌ను పాతకాలం వస్తువని నవ్వుకోనక్కర్లేదు. రిలే, క్యాన్, ఓబీడీ మూడూ కంప్యూటర్‌ను మోసం చేస్తాయి, ఇనుమును కోయాలంటే మాత్రం చప్పుడు, సమయం రెండూ కావాలి. ఇంజిన్ లేవాలంటే పిన్ అడిగే ఏర్పాటు ఉంటే తప్పక పెట్టుకోండి, టెస్లా 2018లో అలాంటిది ఇచ్చింది. ఓబీడీ సాకెట్‌కు బిగించే ఇనుప పెట్టెలూ దొరుకుతాయి. జీపీఎస్ ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు, పోయిన బండి జాడ చెప్పవచ్చు, అదీ దొంగ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ వాడకపోతే.

కీ ఒకటి పోతే కొత్తది చేయించుకుని ఊరుకోకుండా, పోయినదాన్ని కారు జ్ఞాపకంలోంచి తీసేయించాలి. ఉన్న కీలన్నీ ఒకేసారి తీసుకెళ్తే మెకానిక్ పాతవన్నీ చెరిపి మళ్లీ నమోదు చేస్తాడు. సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే స్కానర్ పెట్టించి ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూడండి, చేతికొచ్చిన కీలు రెండు, కారులో నమోదైనవి మూడు అయితే ఆ మూడోది ఎవరి దగ్గరుందో అమ్మేవాడు చెప్పాలి. బండి పోయినప్పుడు బీమా కంపెనీలు సాధారణంగా అసలు కీలు రెండూ అడుగుతాయి, ఒకటి లేదంటే క్లెయిమ్‌కు చిక్కులు వస్తాయి. కీ పోయిన రోజే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోవడం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం అందుకే.