మా అమ్మకి తొమ్మిది కాన్పులు

నా మనవలకి, మనవరాళ్లకి మామ్మ ఆశీస్సులు.

మొన్న పండక్కొచ్చినప్పుడు గోడ మీద ఫోటో చూసి "మీ అమ్మకి అంతమంది పిల్లలెందుకు మామ్మా?" అనడిగారు. అరిసెల హడావుడిలో సరిగా చెప్పలేదు.

మా అమ్మకి తొమ్మిది కాన్పులు. మిగిలింది ఐదుగురం. మొదటి ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. అందుకని మూడోవాణ్ణి, అంటే మీ పెద్దతాతని, పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారట. పక్కింటావిడ ఎత్తుకుంటే, మా నాయనమ్మ ఆవిడకి చేటెడు నూకలిచ్చి కొనుక్కుంది. ఎవరికీ అక్కర్లేని బిడ్డనుకుని చావు వదిలేస్తుందని నమ్మకం. మన చీపురుపల్లి వైపు పెద్దవాళ్లలో పెంటయ్యలు, పెంటమ్మలు ఉన్నది అందుకే. ఎంతమంది దక్కుతారో తెలియని తల్లి లెక్క పెట్టుకుని ఎలా కంటుంది?

పెళ్లిళ్లూ తొందరే. పంతొమ్మిదో శతాబ్దంలో విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ ఇళ్లలో కన్యాశుల్కం పెళ్లిళ్లు లెక్క కట్టిస్తే మూడేళ్లలో 1,034 తేలాయి. అందులో 99 మంది ఐదేళ్ల పిల్లలు. గురజాడవారు రాసిపెట్టిన సంగతి ఇది. ముసలి మొగుడు పోతే ఆ పిల్లకి మళ్లీ పెళ్లి లేదు, బిడ్డా లేదు. ఒక ఆచారం కొందరిని కని కని అరిగిపోయేలా చేస్తే, ఇంకొకటి కొందరిని అసలు కననివ్వలేదు.

నా కాలానికి గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తు, ఎర్ర త్రికోణం వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలయ్యాక నేను ఆపరేషన్ చేయించుకుంటే, తలకొరివి ఎవరు పెడతారని మా అత్తగారు మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ టెన్షన్‌లో పాలు కూడా సరిగా పడలేదు నాకు.

1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకి, ఇప్పటి మన రాష్ట్రంలో 1.7. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టిన నిబంధనని 2024లో తీసేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు.

నాకు కోపం వచ్చేది ఒక్కచోటే. అదే 2019-21 సర్వేలో పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. కనమన్నా, ఆపమన్నా ఆడదాని ఒళ్లే.

పెద్ద మనవరాలా, నీకు పెళ్లై నాలుగు నెలలు కాకుండానే అందరూ "విశేషమా?" అని అడుగుతున్నారని చెప్పావు. నేను అడగను. ఎవరైనా అడిగితే ఫోన్ నాకివ్వు.