తూకంలో చేప ఎంత, ఐసు ఎంత?

గాజువాక నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. వాళ్ల అమ్మగారికి ఆరేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఈమధ్య ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు గదిలోకి వెళ్లకముందే ఒక సిస్టరు ఫారం పట్టుకొచ్చి తొమ్మిది ప్రశ్నలు గబగబా అడిగి, అంకెలు వేసి, కూడి, కింద 13 అని రాసిందట. లోపల డాక్టరు ఆ అంకె చూసి "మీకు డిప్రెషన్ కూడా ఉన్నట్టుందమ్మా" అన్నారు. ఆవిడ ఇంటికొచ్చి "మోకాలు చూపించుకుందామని వెళ్తే పిచ్చి అని రాసి పంపించారు" అని రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. "మాస్టారూ, ఆ 13 నిజమేనా? అసలు మనసుని అలా ఎలా కొలుస్తారు?" అని ప్రశ్న. ఫారం ఫోటో కూడా పంపింది.

నేను ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి. కొలత గురించి ఎవరైనా ఇంత సూటిగా అడిగితే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఆ ఫారం పేరు పీహెచ్‌క్యూ-9. 2001లో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ అనే అమెరికా వాళ్లు దాని గురించి ప్రకటించారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. గత రెండు వారాల్లో ఫలానా ఇబ్బంది ఎన్ని రోజులుంది అని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కో దానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఓసారి గట్టిగా చూడాలని లెక్క. డిప్రెషన్ అంటే ఏమిటో నేనిక్కడ మొదటినుంచీ చెప్పను, దాని గురించి అందరూ రాస్తున్నారు. నాకు కావలసింది ఆ 13 ఎలా వచ్చిందన్నది.

ఫోటోలో చూశాను. నిద్ర సరిగ్గా లేదు, 3. నీరసం, 3. కదలికలు మందగించాయి, 3. ఆకలి 1, ఏకాగ్రత 1. బాధగా ఉంటోందా అన్నదానికి 2. ఆసక్తి తగ్గిందా, మీ మీద మీకే చిరాకుగా ఉందా, చనిపోతే బాగుండుననిపిస్తోందా, ఈ మూడింటికీ సున్నా. అంటే 13లో 10 మార్కులు శరీరానికి సంబంధించిన ప్రశ్నల నుంచే వచ్చాయి. రాత్రి పక్కకి తిరిగినప్పుడల్లా మోకాలు కలుక్కుమనే మనిషికి నిద్ర ఎక్కడ పడుతుంది? నిద్ర లేని మనిషికి నీరసం రాక ఏం చేస్తుంది? కదలిక మందగించిందా అని మోకాళ్లు అరిగినావిడని అడిగితే ఏ జవాబు వస్తుంది?

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్లినవాళ్లకి నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. పడవల్లోంచి దిగిన చేపలు ఐసుతో కలిసి గంపల్లో, ట్రేల్లో ఉంటాయి. కాటా మీద పెడితే కాటాకి చేపకీ ఐసుకీ తేడా తెలియదు, రెండూ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. కాటా అబద్ధం చెప్పలేదు, బరువు నిజంగానే అంత ఉంది. కానీ కొనేవాడికి కావలసింది చేప బరువు. మన అమ్మగారి 13 కూడా సరిగ్గా అలాంటిదే. అందులో దిగులు అనే చేప ఎంత, నొప్పి అనే ఐసు ఎంత?

దీనికి మన పాత కొట్లలో ఒక ఉపాయం ఉండేది. నెయ్యి తూచేముందు ఖాళీ గిన్నె బరువుకి సరిపడా అవతలి పళ్లెంలో పడికట్టు పెట్టేవారు. ఇక్కడా అలాగే చేస్తే పోలేదా, దీర్ఘకాలం నొప్పి ఉన్నవాళ్లకి ఇన్ని మార్కులు నొప్పి ఖాతాలో తీసేసి మిగిలింది చూస్తే చాలదా అనిపిస్తుంది. నొప్పి రోగుల విషయంలో గీత పదికి బదులు ఇంకాస్త పైకి జరపాలని వాదించే పరిశోధకులు నిజంగానే ఉన్నారు. నాకది ఒప్పుదల కాదు. గిన్నె బరువు మారదు గనక పడికట్టు పనిచేస్తుంది. ఐసు ఒక్కో గంపలో ఒక్కోలా ఉంటుంది, గంట గంటకీ కరుగుతుంది, కరిగిన నీళ్లలో కొన్ని చేపలోకీ ఇంకుతాయి. అందరికీ ఒకే లెక్కన తీసేస్తే, ఐసు తక్కువ చేప ఎక్కువ ఉన్న మనిషి, అంటే నిజంగా కుంగిపోయిన మనిషి, "మీకేం లేదు, అంతా నొప్పి వల్లే" అని ఇంటికి పంపబడుతుంది. ఇది మొదటి తప్పు కంటే పెద్ద తప్పు.

ఇంకో దారి, ఐసుని అసలు కాటా ఎక్కించకపోవడం. 1983లో జిగ్మండ్, స్నేత్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఈ పనే చేశారు. ఆసుపత్రి రోగుల కోసమే తయారుచేసిన వాళ్ల కొలమానం హెచ్‌ఏడీఎస్‌లో పద్నాలుగు ప్రశ్నలుంటాయి, ఏడు ఆందోళనకి, ఏడు దిగులుకి. నిద్ర, ఆకలి, నీరసం లాంటివి కావాలనే తీసేశారు. నవ్వు వస్తోందా, రేపటి గురించి ఎదురుచూపు ఉందా, ఇలా అడుగుతారు. ఎంత చక్కని ఆలోచనో! అయినా "నెమ్మదించిపోయినట్టు అనిపిస్తోందా" అనే ప్రశ్న ఒకటి మిగిలిపోయింది, ఒక ఐసుముక్క. ఆందోళన వైపు ప్రశ్నల్లో ఇంకోటుంది, కడుపులో సీతాకోకచిలుకలు ఉన్నట్టు భయం వేస్తోందా అని. ఇంగ్లీషులో అది వాడుకమాట. మన పూర్ణా మార్కెట్లో ఎవరినైనా అలా అడిగి చూడండి, పురుగుల మందు కావాలా అంటారు. మనకైతే గుండెలో గుబులు, గుండెల్లో రాయి పడ్డట్టు, కడుపులో దేవినట్టు.

ఇక్కడే నాకు అసలు చిక్కు కనిపించింది. మన వాళ్లు మనసులో మాట శరీరం పేరు మీదే చెప్తారు. "ఒళ్లంతా బరువుగా ఉంది", "కాళ్లూ చేతులూ ఆడట్లేదు", "ముద్ద దిగట్లేదు". కొడుకు ఉద్యోగం పోయిన తండ్రి డాక్టరు దగ్గర "నీరసంగా ఉందండి" అంటాడు, "కుంగిపోయానండి" అనడు. శరీరం ప్రశ్నలన్నీ తీసేస్తే ఐసుతోపాటు ఇలాంటి చేపలు కూడా జారిపోతాయి.

పైగా మన భాషలో "బాధ" అనే మాట ఉంది చూశారూ! అమ్మగారిని సిస్టరు ఏమడిగింది? "బాధగా ఉంటోందా?" అని. మోకాలు పట్టుకుని కూర్చున్న మనిషి ఆ ప్రశ్నకి ఏం చెప్తుంది? నొప్పికీ దుఃఖానికీ మనం ఒకే మాట వాడతాం, మనసు కూడా "నొచ్చుకుంటుంది". ప్రశ్నాపత్రాలని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చేటప్పుడు, సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి వేరే మనిషి చేత తిరిగి మొదటి భాషలోకి అనువాదం చేయిస్తారు. "బాధ" ఆ పరీక్షలో హాయిగా పాసైపోతుంది, ఎందుకంటే అనువాదకుడికి మోకాలు నొప్పి లేదు. రోగుల్నే కూర్చోబెట్టి "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడిగినప్పుడే అది దొరుకుతుంది. సిస్టరు నింపిన ఆ పీహెచ్‌క్యూ-9తో డిప్రెషన్ అని లెక్క కట్టే ఒక పద్ధతిలో, మొదటి రెండు ప్రశ్నల్లో, అంటే ఆసక్తి తగ్గడం, మనసు బాగాలేకపోవడం, వీటిలో ఒకదానికైనా కనీసం 2 రావాలి. అమ్మగారికి వచ్చిన ఆ ఒక్క 2 "బాధ"దే. అది మోకాలి బాధ అయితే తలుపు అసలు తెరుచుకోలేదన్నమాట.

"దిగులు" అని అడిగి ఉండాల్సింది. "నా మోకాలు దిగులుగా ఉంది" అని ఏ తెలుగువాడూ అనడు.

అలాగని ఐసు వేరు చేప వేరు అని గీత గీస్తే సైన్సు ఒప్పుకోదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చి 2020లో సవరించిన నిర్వచనంలోనే నొప్పి అంటే ఇంద్రియ అనుభవమూ, భావోద్వేగ అనుభవమూ కూడా అని ఉంది. 1997లో మాంట్రియల్‌లో రేన్‌విల్, ఆయన బృందం చేసిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. మనుషుల చేతిని 47 డిగ్రీల వేడినీళ్లలో పెట్టించి, హిప్నాటిజం ద్వారా నొప్పి ఎంత "దుర్భరంగా" అనిపిస్తోందన్నది మాత్రం పెంచారు, తగ్గించారు. నొప్పి తీవ్రత అలాగే ఉంది, నీళ్లూ అవే. మెదడులో స్పర్శని గుర్తించే ప్రాథమిక ప్రాంతంలో పెద్ద మార్పు లేదు, ముందుభాగంలో లోపలి వైపున్న యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ పని మాత్రం ఆ దుర్భరతతోపాటే పెరిగింది, తగ్గింది. సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్లకి ఇది ప్రయోగం లేకుండానే తెలుసు. 32 కిలోమీటర్లు వట్టి కాళ్లతో నడిచి అరికాళ్లు బొబ్బలెక్కితే నొప్పి తక్కువేం కాదు, కానీ ఆ ముఖాలు చూడండి. అదే బొబ్బ ఆఫీసుకి వెళ్లే దారిలో వస్తే వేరు.

ఇంకొంచెం లోపలికి వెళ్తే, మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే నాడులు, కింద నుంచి వచ్చే నొప్పి సంకేతాలని సెరటోనిన్, నార్ఎడ్రినలిన్ అనే రసాయనాలతో అదుపు చేస్తాయి. మనసు స్థితిలోనూ ఈ రెండింటికీ చేయి ఉంది. ఆ రెండూ తిరిగి పీల్చుకోబడకుండా ఆపే డులోక్సెటిన్ అనే మందుని డిప్రెషన్‌కీ ఇస్తారు, దీర్ఘకాలపు కండరాల, కీళ్ల నొప్పికీ ఇస్తారు. మోకాలు నొప్పికి డిప్రెషన్ మందు రాశారని కంగారుపడేవాళ్లు ఇది తెలుసుకుంటే మంచిది.

నొప్పి మాటల్ని పోగేసి రోనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన మెక్‌గిల్ పట్టికలో 78 మాటలున్నాయి. పోటు, మంట, సలుపు లాంటివాటి పక్కనే "శిక్షిస్తున్నట్టు" అనే మాట కూడా ఉంది. నాకు అది చదివినప్పుడు మన ఇళ్లు గుర్తొచ్చాయి. ఏలినాటి శని అనీ, పూర్వజన్మలో ఏం చేసుకున్నావో అనీ నొప్పితో ఉన్న మనిషి మంచం పక్కన కూర్చుని చెప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను. దయచేసి అలా అనకండి. మందు వల్ల తగ్గే నొప్పికి శిక్ష అనే బరువు మీరు ఎక్కిస్తున్నారు, అది కాటాలో కూడా కనిపిస్తుంది.

ఇక "గత రెండు వారాల్లో" అన్న మాట దగ్గరికి వద్దాం. మనకి రెండు వారాలు గుర్తుంటాయా? 1996లో రెడెల్‌మేయర్, కానమన్ పెద్దపేగులోకి గొట్టం వేసి చూసే పరీక్ష జరుగుతున్నంతసేపూ నిమిషానికోసారి రోగుల్ని నొప్పి ఎంతో అడిగి రాసుకున్నారు. తర్వాత మొత్తం మీద ఎంత బాధపడ్డారని అడిగితే, వాళ్ల జవాబు ఎక్కువగా రెండే క్షణాల్ని బట్టి ఉంది, నొప్పి బాగా ముదిరిన క్షణం, చివరి క్షణాలు. పరీక్ష ఎంతసేపు జరిగిందన్నది దాదాపు లెక్కలోకే రాలేదు. అమావాస్యకి నొప్పులు పెరుగుతాయని నమ్మేవాళ్లు ఒక పని చేయండి. తిథి చూడకుండా మూడు నెలలు రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసి, ఆ తర్వాత కేలండరు పక్కన పెట్టి చూసుకోండి. గుర్తుండిపోయిన అమావాస్యలు ఎన్ని, మర్చిపోయిన మామూలు రోజులు ఎన్ని అన్నది మీ కాగితమే చెప్తుంది.

అయితే కాగితాన్నీ పూర్తిగా నమ్మలేం. 2002లో ఆర్థర్ స్టోన్ బృందం 80 మంది దీర్ఘకాల నొప్పి రోగుల్ని తీసుకుని సగం మందికి కాగితం డైరీ, సగం మందికి చేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఇచ్చింది. మూడు వారాలు, రోజుకి మూడుసార్లు, చెప్పిన వేళకి రాయాలి. కాగితం డైరీల బైండింగులో మాత్రం ఎవరికీ తెలియకుండా వెలుతురుని పసిగట్టే సెన్సరు అమర్చారు, డైరీ ఎప్పుడు తెరిచారో దానికి తెలుస్తుంది. నూటికి 90 సార్లు సమయానికే రాశామని రోగుల రాతలు చెప్పాయి. సెన్సరు చెప్పింది 11. కంప్యూటరు వాళ్లు 94 సార్లు నిజంగానే సమయానికి రాశారు, ఎందుకంటే అది వేళ దాటితే రాయనివ్వదు. నేను దీన్ని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! ప్రాక్టికల్ రికార్డులు సబ్మిట్ చేసే ముందురోజు రాత్రి ఏం జరుగుతుందో తెలిసిన పిల్లలు తలలు దించుకునేవారు. వాళ్లని సిగ్గుపడమని కాదు, అప్పటికప్పుడు రాసిన అంకెకీ తర్వాత గుర్తుచేసుకుని రాసిన అంకెకీ జాతే వేరని చెప్పడానికి.

అందుకని ఇప్పుడు ఫోన్లోనే రోజుకి నాలుగైదుసార్లు "ఇప్పుడు నొప్పి ఎంత, ఇప్పుడు మనసు ఎలా ఉంది" అని అడిగే పద్ధతి పెరుగుతోంది. ఐసు చిక్కు విడదీయడానికి నాకు కనిపించిన మంచి దారి ఇదే. ఒక్కసారి తూచితే చేపా ఐసూ విడిపోవు, కానీ అదే గంపని రోజంతా తూస్తూ పోతే కరిగేది ఎంతో తెలిసిపోతుంది. నొప్పి తగ్గిన పూట దిగులు కూడా తగ్గితే ఒక రకం. నొప్పి తగ్గినా దిగులు అలాగే కూర్చుంటే ఇంకో రకం, దానికి వేరే చికిత్స కావాలి. అప్పుడు మనిషిని ఇంకో మనిషితో పోల్చడం కాదు, ఆవిడ ఉదయాన్ని ఆవిడ సాయంత్రంతో పోల్చడం. అందరికీ ఒకే పడికట్టు వెతకాల్సిన అవసరం ఉండదు.

దిగులు ఒక్కటే అడిగితే సరిపోదు, సంతోషం విడిగా అడగాలి. 1988లో వాట్సన్, క్లార్క్, టెలిజెన్ తయారుచేసిన పానాస్ అనే కొలమానంలో మంచి భావాలకి పది మాటలు, చెడ్డవాటికి పది మాటలు ఉంటాయి, రెంటికీ వేర్వేరు మొత్తాలు, ఎందుకంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలని లేదు. దిగులు లేని మనిషికి సంతోషం కూడా లేకపోవచ్చు.

ఆ అమ్మాయికి ఇదంతా ఇంత పొడుగ్గా రాయలేదు. 13ని చించి పారేయొద్దు, అలాగని నెత్తిన పెట్టుకోవద్దు, "బాధ" బదులు "దిగులు" అని అడిగి చూడు, పొద్దునా సాయంత్రం రెండేసి అంకెలు రాయించు, అన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లు అన్నాను. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాను. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండుననిపించడం, అది ఎప్పుడూ ఐసు కాదు. దానికి సున్నా తప్ప ఏ అంకె వచ్చినా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి, లేదా ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కి 14416కి ఫోన్ చేయాలి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పది రోజులకి జవాబు వచ్చింది. "దిగులు లేదే, నాకెందుకు దిగులు" అని వాళ్లమ్మ అన్నారట. కాసేపయ్యాక, ఆసక్తి తగ్గిందా అని సిస్టరు అడిగితే ఎందుకు సున్నా చెప్పావని కూతురు అడిగితే, "ఆసక్తి ఎందుకు తగ్గుతుంది, సింహాచలం అప్పన్నస్వామిని చూడాలని రోజూ ఉంటుంది. మెట్లెక్కలేనని తెలిశాక తల్చుకోవడం మానేశాను, తల్చుకుంటే ఏడుపొస్తోంది" అన్నారట.