తేనెటీగ వీపు మీద తెల్లచార: రోగమా, పుప్పొడా?

ఫాల్గుణంలో పొదిలి వైపు నువ్వుచేల పక్కన తేనెటీగల పెట్టెలు దించితే వారం తిరక్కముందే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "ఏందబ్బాయా, నీ ఈగలకి వీపులు తెల్లబడినయ్యే? రోగమొచ్చిందా?" తేనెటీగలు పెంచడం మొదలుపెట్టిన ఏడాది నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. అందుకే ముందు ఆ సంగతే చెబుతాను.

అపోహ: వీపు తెల్లబడిన ఈగకి జబ్బు చేసింది, లేదా అది వేరే జాతి ఈగ.

వాస్తవం: అది నువ్వుపూత గుర్తు. ఒక నువ్వుపువ్వు కోసి నిలువునా చీల్చి చూడండి. గొట్టంలా ఉంటుంది. మకరందం అడుగున ఉంటుంది, పుప్పొడి ఉండే 4 కేసరాలు పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. ఈగ కింది రేక మీద వాలి లోపలికి దూరుతుంది. తక్కువ ఎత్తు గుమ్మంలోకి వంగి దూరితే మన వీపుకి సున్నం అంటుతుంది చూడండి, అచ్చం అట్టాగే రెక్కల మధ్య మీగడ రంగు పొడి అంటుకుంటుంది.

పొద్దుతిరుగుడులో ఇలా ఉండదు. ఆ పువ్వు పళ్లెంలా ఉంటుంది, ఈగ దాని మీద నడుస్తుంది కాబట్టి పొట్ట, కాళ్లు పసుపెక్కుతాయి. పత్తిచేను నుంచి వచ్చిన ఈగకి ఒళ్లంతా పసుపు పొడి ఉంటుంది గానీ కాళ్లకి ముద్దలు దాదాపు కనిపించవు. పత్తి పుప్పొడి రేణువులు పెద్దవి, పైగా ముళ్లుంటాయి. ముద్దగా అతుక్కోవు, దాంతో ఈగ దులిపేసుకుంటుంది. ఏ పువ్వు తలుపు ఎట్టా ఉందో ఈగ ఒంటి మీద చూసి చెప్పొచ్చు.

పొడి అంటుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎగిరేటప్పుడు ఈగ ఒంటికి కొద్దిగా విద్యుదావేశం చేరుతుంది. తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెనకి కాగితం ముక్కలు ఎగిరి అంటుకున్నట్టు, కొంత పుప్పొడి తాకకముందే దాని వెంట్రుకల మీదికి దూకుతుంది.

అపోహ: వెనక కాళ్లకున్న ముద్దలు తేనె.

కాదు, పుప్పొడి. మకరందాన్ని ఈగ కడుపులోని తిత్తిలో తెస్తుంది. పుప్పొడిని కాళ్లతో దువ్వి, నోటి తడితో కలిపి, వెనక కాళ్ల బుట్టల్లో అదుముతుంది. పిల్లఈగల పెంపకానికి మాంసకృత్తులు దాన్నుంచే వస్తాయి. పొద్దున్నే పెట్టె గుమ్మం దగ్గర ముద్దలతో దిగే ఈగలు ఎక్కువగా కనబడితే లోపల పిల్లలు పెరుగుతున్నాయని, రాణి బాగా గుడ్లు పెడుతోందని నా మనసు కుదుటపడుతుంది.

అపోహ: "నీ ఈగలు పుప్పొడంతా మోసుకుపోతే మా చేలో గింజ పట్టదు."

పెట్టెలు దించుకోనివ్వని రైతు దగ్గర నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఇందులో కొంచెం నిజం ఉంది. బుట్టలోకి చేరి తడిసిన పుప్పొడి పెట్టెకే పోతుంది, చేనుకి దాంతో పెద్దగా పని జరగదు. చేనుకి పని చేసేది ఒంటి మీద మిగిలిన పొడి. ఈగ ఎంత దువ్వుకున్నా కాళ్లు సరిగా అందని చోట్లు కొన్ని ఉంటాయి: రెక్కల మధ్య వీపు, నడుము. 2017లో జర్మనీ పరిశోధకులు ఈగల్ని పుప్పొడి ఉన్న సీసాల్లో వదిలి, అవి ఒళ్లు శుభ్రం చేసుకున్నాక చూస్తే ఆ చోట్లలో పొడి మిగిలే ఉంది. మన పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగ జాతి కూడా అందులో ఉంది. పువ్వు కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, తగిలేది కూడా అలాంటి చోట్లకే. మా నువ్వుచేల ఈగ వీపు మీది తెల్లచార అదే: ఒక పువ్వు రాసి పంపితే ఇంకో పువ్వు అందుకునే పొడి. ఈగ ఒక విడతలో సాధారణంగా ఒకే రకం పూల మీద తిరుగుతుంది కాబట్టి నువ్వు పుప్పొడి నువ్వుకే చేరుతుంది.

నువ్వుమొక్క చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, ఈగ తోడైతే ఇంకా మేలు. పొద్దుతిరుగుడులో తేడా బాగా తెలుస్తుంది. ఈగలు తిరగని చేలో పువ్వు మధ్యలో తాలుగింజలు ఎక్కువ.

మొక్కజొన్న పుప్పొడి ముద్దలు చూసి "మొక్కజొన్న తేనె" అనేవాళ్లున్నారు. మొక్కజొన్నలో మకరందమే లేదు, ఈగ పుప్పొడికే వెళుతుంది. గుర్తు చూస్తే ఈగ ఎక్కడ తిరిగిందో తెలుస్తుంది, పట్టులోని తేనె దేనిదో తేలదు.

ఇక పురుగుమందు సంగతి. తెల్లపొడి చూసి మందు పడిందని కంగారుపడేవాళ్లున్నారు. మందు తగిలిన ఈగలు పెట్టె ముందు నేల మీద కొట్టుకుంటాయి, నాలుక బయటపెట్టి చస్తాయి. పుప్పొడి ఈగ హాయిగా దిగి లోపలికి నడిచిపోతుంది. నువ్వుపువ్వు తెల్లవారుజామున విచ్చి సాయంత్రానికి రాలుతుంది, ఈగలు ఎక్కువగా తిరిగేది పొద్దుటి పూటే. పూతలో మందు తప్పదనుకుంటే సాయంత్రం, ఈగలు పెట్టె చేరాక కొట్టండి. ముందురోజు ఒక్క ఫోన్ చేస్తే రాత్రికి రాత్రే పెట్టెలు ఎత్తి పక్క ఊరికి మారుస్తాను.