ఆడియో ఇంటర్‌ఫేస్ ధర: అపోహలు, వాస్తవాలు

ఇంట్లోనే పాటో, వ్యాఖ్యానమో రికార్డు చేసుకోవాలనుకునేవారు నన్ను మొదట అడిగేది ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పరికరం గురించే. ఆ ప్రశ్న వెనుక ఉన్న కొన్ని నమ్మకాలు వారి డబ్బును అక్కరలేని చోట ఖర్చు చేయిస్తున్నాయన్న బాధతో ఇది రాస్తున్నాను.

అపోహ: ధర పెరిగిన కొద్దీ గొంతు అంత స్వచ్ఛంగా రికార్డవుతుంది.

వాస్తవం: ఇంటర్‌ఫేస్‌లో మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే భాగం ప్రీయాంప్; అది తనంతట తాను కలిపే రొదను ఈఐఎన్ అనే కొలతతో చెబుతారు. 150 ఓముల మైకు దగ్గర ఆ రొద, భౌతిక సూత్రాల ప్రకారం, సుమారు మైనస్ 131 డీబీయూ (సంకేత స్థాయిని చెప్పే కొలమానం) కంటే కిందికి దిగదు; లక్ష రూపాయల పరికరం కూడా ఆ హద్దును దాటలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కువగా కొనే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరానికి తయారీదారు ప్రకటించిన విలువ మైనస్ 128. కొలిచే పద్ధతుల్లో కొద్దిపాటి భేదం ఉన్నా, మిగిలే అంతరం నాలుగైదు డెసిబెల్స్‌కు మించదు. సీలింగ్ ఫ్యాను తిరుగుతూ, కిటికీ అవతల ఆటోలు వెళ్తున్న గదిలో ఆ తేడా ఏ చెవికీ అందదు. ఆ గదిలో మందపాటి పరదాలు వేసి, ఫ్యాను ఆపి రికార్డు చేస్తే కలిగే మేలు ఎంతో ఎక్కువ.

అసలు చూడవలసింది గెయిన్, అంటే ప్రీయాంప్ సంకేతాన్ని ఎంత పెంచగలదన్నది. షూర్ ఎస్ఎం7బి మైకుకు కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. అదే మూడో తరం 2ఐ2 ఇచ్చేది 56 మాత్రమే, నాలుగో తరం 69 ఇస్తుంది. మైకును బట్టి ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోవాలి తప్ప ధరను బట్టి కాదు.

అపోహ: వేగమైన పోర్టు ఉంటే పాడిన గొంతు హెడ్‌ఫోన్‌లో వినిపించడంలో ఆలస్యం తగ్గుతుంది.

వాస్తవం: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు (ధ్వని కొలతలు) ఒక్కోటి 24 బిట్లతో తీసుకుంటే, ఒక ఛానెల్‌కు సెకనుకు 1.15 మెగాబిట్లు చాలు, యూఎస్‌బీ 2.0 సామర్థ్యం 480 మెగాబిట్లు. అందుకే ఆర్ఎంఈ ఫైర్‌ఫేస్ యూసీఎక్స్ 2 వంటి ఖరీదైన పరికరం కూడా 40 ఛానెళ్లను యూఎస్‌బీ 2.0 మీదనే నడుపుతుంది. ఆలస్యానికి ముఖ్య కారణం బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శాంపిళ్ల గుంపు: 256 శాంపిళ్లంటే ఒక్క దిశలోనే 5.3 మిల్లీసెకన్లు, వెళ్లి రావడానికి పదికి పైన. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించి గాయకులు తాళం తప్పడం నేను ఎన్నోసార్లు చూశాను. చిన్న బఫర్‌తోనూ చిటపటలు రాకుండా పనిచేసే డ్రైవర్‌కు (పరికరాన్ని కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్‌కు) ఎక్కువ ధర పెట్టడం న్యాయమే. అయితే ఎఫెక్ట్‌లు లేకుండా గొంతు మాత్రమే వినాలనుకుంటే, చవక పరికరాల్లోనూ ఉండే, గొంతును కంప్యూటర్‌కు వెళ్లకుండానే నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటరింగ్ మీట సరిపోతుంది.

అపోహ: పేరులో 18 ఇన్‌పుట్లు ఉంటే 18 మైకులు పెట్టవచ్చు.

వాస్తవం: స్కార్లెట్ 18ఐ20లో మైకు ప్రీయాంపులు ఎనిమిదే. మరో ఎనిమిది ఏడాట్ ఆప్టికల్ దారిన, రెండు ఎస్‌పీడిఫ్ దారిన వస్తాయి; ఈ రెండూ మరో పరికరం నుంచి డిజిటల్ ధ్వనిని తెచ్చే దారులు. వాటిని వాడాలంటే వేరే ప్రీయాంప్ పెట్టె కొనాలి. 96 కిలోహెర్ట్జ్‌కు వెళ్తే ఒక్కో ఏడాట్ తీగలో ఎనిమిది నాలుగవుతాయి. బుర్రకథ దళాన్ని మూడు గొంతులు, తంబుర, రెండు డక్కీలతో విడివిడిగా పట్టాలంటే ఆరు మైకులు కావాలి కనుక, అక్కడ ఎనిమిది ప్రీయాంపులకు పెట్టే ప్రతి రూపాయి సార్థకం.

అపోహ: 192 కిలోహెర్ట్జ్ లేకపోతే అది వృత్తి పరికరం కాదు.

వాస్తవం: మనిషి చెవి హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్, శాంపిళ్ల వేగంలో సగం వరకు ధ్వనిని పట్టవచ్చు కనుక 48తోనే దాదాపు 24 వరకు అందుతుంది. 192లో ఫైలు 48తో పోలిస్తే నాలుగింతలవుతుంది. గొంతు రికార్డింగులు నేను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లోనే చేస్తూ, గరిష్ఠ స్థాయి మైనస్ 10 డీబీఎఫ్ఎస్ (సున్నా దాటితే ధ్వని చెడిపోయే డిజిటల్ కొలమానం) దగ్గర ఉండేలా గెయిన్ పెడతాను.