చెట్టు రంగులు, పాత గుడ్డలతో కళ: అపోహలు - వాస్తవాలు

పాత చీరలు, దర్జీ కొట్టు పీలికలు, చెట్ల రంగులు, చెక్క, గింజలు కలిపి కళాకృతులు చేయాలనుకునే, ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వైపు మన తెలుగువాళ్ల నోట ఎక్కువగా వినబడే మాటలివి.

అపోహ: చెట్టు రంగు నిలవదు.

కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతకు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అక్కడి మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు (మన తొగరు) వేరుతో వేసే ఎరుపు ఏళ్ల తరబడి ఉతికినా ఉంటుంది. నూలుకు ఆముదం, పేడ, బూడిద పట్టించి సిద్ధం చేయడానికే వాళ్లు రోజులకు రోజులు వెచ్చిస్తారు. రంగు వెలిసిందంటే చాలాసార్లు తప్పు చెట్టుది కాదు, గుడ్డను ముందుగా సిద్ధం చేయకపోవడమే.

అరకిలో నూలు గుడ్డకు లెక్క ఇది. 20 గ్రాముల చాకలి సోడా వేసి గంటసేపు ఉడికించాలి. నీళ్లు టీ రంగుకు దిగుతాయి, అదంతా గంజి, జిడ్డు. జాడించి ఆరేశాక గుడ్డ మీద చుక్క నీరు వేయండి. వెంటనే ఇంకకుండా పూసలా నిలిస్తే మళ్లీ ఉడికించాల్సిందే. తర్వాత 100 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, జాడించకుండా ఆరేయాలి. ఆపై వేడినీళ్లలో కరిగించిన 75 గ్రాముల పటికలో ఒక రాత్రి. మర్నాడు ఆరబెట్టి, పట్టుకోని పటిక పోయేలా బాగా జాడించాకే రంగు కుండలో వేయాలి. ఈ జాడింపు మానేస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది.

పసుపు మాత్రం ఎంత పటిక వేసినా ఎండకు పోతుంది. బీట్‌రూట్ అసలు అద్దకానికి పనికిరాదు. ఉప్పు, వెనిగర్ ఈ రంగులను పట్టి ఉంచవు.

అపోహ: ఏ నీళ్లయినా ఒకటే.

గ్లాసు బోరు నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేసి చూడండి. నీళ్లు బూడిద, నలుపు వైపు తిరిగితే వాటిలో ఇనుము ఉన్నట్టే. ఆ నీళ్లలో తొగరు ఎరుపు మసకబారి ఊదాగా దిగుతుంది. వాన నీళ్లు పట్టుకోవడం మేలు.

అపోహ: నలుపు కావాలంటే అన్నభేది (ఇనుప లవణం) ఎంతైనా వేయొచ్చు.

అరకిలో గుడ్డకు 10 గ్రాములు దాటకండి. ఎక్కువైన ఇనుము కొన్నేళ్లలో నూలును తినేస్తుంది, నల్లగా ఉన్నచోటే గుడ్డ పిగిలిపోతుంది. తుప్పు రేకులను నేరుగా గుడ్డకు కుట్టినా ఇదే గతి.

అపోహ: పాత గుడ్డ ఏదైనా పనికొస్తుంది.

ఒక పోగు లాగి కాల్చండి. కాగితం వాసనతో మెత్తటి బూడిదైతే నూలు. కరిగి గట్టి గుండు కడితే పాలిస్టర్. దానికి చెట్టు రంగు పట్టదు, లోపలి పొరలకు వాడుకోండి.

అపోహ: జిగురుతో అంటిస్తే చాలు.

మైదా జిగురుకు వెండి పురుగులు (సిల్వర్‌ఫిష్) వస్తాయి, వానాకాలంలో బూజు పడుతుంది. తెల్ల జిగురు గుడ్డను బిరుసెక్కిస్తుంది, మరమ్మతుకు పొరలు విడదీయనివ్వదు. మన బొంతల్లాగే పొరలు పేర్చి రన్నింగ్ కుట్టు వేయడమే మంచిది, దారం తీసి మళ్లీ కుట్టుకోవచ్చు. గింజలు కుట్టేముందు గాలి చొరని సంచిలో కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి పురుగు చస్తుంది.

అపోహ: అడవిది కాబట్టి ఎంత తవ్వినా ఫరవాలేదు.

తొగరు రంగు వేరు బెరడులోనే ఉంటుంది, సన్నవేళ్లలో ఎక్కువ. చెట్టును పెకలించే పనే లేదు. ఒక పక్క వేళ్లు మాత్రం తీసి, మట్టి కప్పి, నీళ్లు పోయండి.