యంగ్ ప్రొఫెషనల్ అంటే ఎన్నేళ్ల వరకు?

నాకు 36 ఏళ్లు. ఇప్పుడు చేస్తున్న వృత్తిలోకి వచ్చి రెండేళ్లయింది. పిల్లలిద్దరూ స్కూల్లో పడ్డాక చదువు మళ్లీ మొదలుపెట్టి, రాత్రుళ్లు కూర్చుని పరీక్షలకి ప్రిపేరై, ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. పోయిన నెల ఒకరోజు పొద్దున మీటింగ్‌లో నేనేదో చెప్పబోతే ‘మీరింకా కొత్త కదండీ, ముందు వినండి’ అన్నారు. సరేనని చివరి కుర్చీలో కూర్చుని నోట్స్ రాసుకున్నాను. అదేరోజు రాత్రి యంగ్ ప్రొఫెషనల్స్‌కి ఇచ్చే ఒక శిక్షణకి ఆన్‌లైన్‌లో అప్లై చేస్తుంటే పుట్టినతేదీ దగ్గర గడి ఎర్రబడిపోయింది. 35 దాటినవాళ్లు అర్హులు కారట. పొద్దున అనుభవం చాలదన్నారు, రాత్రికి వయసు మించిందన్నారు. చాలా బాధేసింది. అసలు ఈ ‘యంగ్’ అనే లెక్క ఎవరు పెట్టారు, ఎప్పటినుంచి ఉంది అని అప్పుడు వెతకడం మొదలుపెట్టాను.

మొదట్లో లెక్క పుట్టినరోజు నుంచి కాదు, పనిలో చేరిన రోజు నుంచి. మధ్యయుగపు యూరప్‌లో చేతివృత్తుల సంఘాల్లో మూడు మెట్లుండేవి: పని నేర్చుకునే అప్రెంటిస్, నేర్చుకుని కూలికి చేసే పనివాడు, సొంతంగా దుకాణం పెట్టుకునే హక్కున్న మాస్టర్. నడిమి మెట్టువాణ్ని ఇంగ్లీషులో జర్నీమన్ అంటారు. ఊళ్లు తిరుగుతాడని ఆ పేరు రాలేదు, ఫ్రెంచిలో రోజు అనే మాట నుంచి వచ్చింది, రోజుకింత అని కూలి తీసుకుంటాడు కాబట్టి. సంఘం పెద్దలు అతని పనితనం చూసి ఒప్పుకునేదాకా, జుట్టు నెరిసినా సరే, అతనిది నడిమి మెట్టే. ఇంగ్లండులో 1563లో వచ్చిన చట్టం కనీసం ఏడేళ్లు అప్రెంటిస్‌గా ఉండాల్సిందేనంది, ఆ నిబంధనని 1814లో గానీ తీసెయ్యలేదు. అక్కడే 1729 చట్టం లాయరు పనికి వచ్చేవాళ్లు ఐదేళ్లు ఒక సీనియర్ దగ్గర ఒప్పందం రాసుకుని పనిచేయాలంది. ఇదేమీ న్యాయమైన పద్ధతని నేననను, చాలాచోట్ల మాస్టర్ల కొడుకులకి దారి సులువుగా ఉండేది, మిగతావాళ్లు ఏళ్లకేళ్లు కూలికే ఉండిపోయేవారు. కానీ నువ్వెంత నేర్చుకున్నావనేది అక్కడ మొదటి ప్రశ్న.

వయసునే గేటుగా పెట్టడం తర్వాతి సంగతి, అందులో నన్ను బాగా పట్టి లాగింది అమెరికాలోని జేసీస్ కథ. 1915లో సెయింట్ లూయిస్‌లో హెన్రీ గీసెన్‌బీయర్ అనే యువకుడు కొంతమందితో మొదలుపెట్టిన సంఘం అది, 1920లో జూనియర్ ఛాంబర్ పేరుతో దేశమంతటి సంస్థ అయింది. పెద్ద వ్యాపారుల మధ్య మాట చెల్లని కుర్రవాళ్లకి నాయకత్వం, నలుగురిలో మాట్లాడటం నేర్పించాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కాకపోతే పూర్తి సభ్యత్వం 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లకే. ఆడవాళ్లకీ, వయసు దాటిన మగవాళ్లకీ కలిపి ‘అసోసియేట్’ సభ్యత్వమని ఒకటి పెట్టారు: ఓటు లేదు, పదవి లేదు, కొన్ని నాయకత్వ శిక్షణలకీ అవార్డులకీ అర్హత లేదు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే పాతికేళ్ల అమ్మాయినీ యాభయ్యేళ్ల పెద్దాయననీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారంటే అక్కడ ‘యంగ్’ అన్నది వయసు మాట ఒక్కటే కాదు, మేం ఎవరి మీద పెట్టుబడి పెడతాం అన్న మాట. 1974, 75ల్లో మినియాపొలిస్, సెయింట్ పాల్ శాఖలు ఆడవాళ్లని పూర్తి సభ్యులుగా చేర్చుకుంటే జాతీయ సంస్థ వాటి మీద ఆంక్షలు పెట్టింది. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1984 జూలైలో తీర్పు ఆ శాఖల వైపు వచ్చింది. వయసు గీత మాత్రం పోలేదు, ఇప్పుడా ఉద్యమపు అంతర్జాతీయ సంఘంలో సభ్యత్వం 18 నుంచి 40 ఏళ్లవాళ్లకి.

అదే 1984 చివర్లో న్యూస్‌వీక్ పత్రిక ఆ ఏడాదిని ‘యప్పీల సంవత్సరం’ అంది. యప్పీ అంటే ‘యంగ్ అర్బన్ ప్రొఫెషనల్’ నుంచి పుట్టిన మాట, పట్నంలో మంచి జీతం తెచ్చుకునే చదువుకున్న కుర్రకారు అని దాని అర్థం. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఆ మాట వాళ్ల ఖర్చు గురించే గానీ పని గురించి కాదు.

అంకెల విషయానికొస్తే ఎవరి గీత వాళ్లది. ప్రపంచ బ్యాంకు 1963లో మొదలుపెట్టిన యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రాంకి హద్దు 32 ఏళ్లుగా స్థిరపడింది, ఐక్యరాజ్యసమితి అదే పేరుతో పెట్టే పరీక్షకీ 32. ఆ ఐక్యరాజ్యసమితే లెక్కల కోసం యువత అంటే 15 నుంచి 24 అంటుంది, 2006 నాటి ఆఫ్రికా యువజన చార్టర్ 15 నుంచి 35 అంటుంది. గణితంలో ఫీల్డ్స్ మెడల్‌కి 40 హద్దు. ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించిన ఆండ్రూ వైల్స్ అప్పటికే ఆ గీత దాటేశాడు కాబట్టి 1998లో ఆయనకి మెడల్ బదులు ప్రత్యేకంగా ఒక వెండి ఫలకం ఇచ్చారు. మూడు వందల ఏళ్లకి పైగా తేలని లెక్క తేల్చినవాడి విషయంలోనూ గీత కదల్లేదు!

అయితే కొందరు లెక్కని వెనక్కి, పనిలో చేరిన రోజు దగ్గరికి తీసుకొచ్చారు, అది నాకు నిజంగా సంతోషమేసిన విషయం. ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈలో యంగ్ ప్రొఫెషనల్ అంటే మొదటి డిగ్రీ వచ్చి 15 ఏళ్లు దాటనివాళ్లు, పుట్టినతేదీతో పనిలేదు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ తన మొదటి మెట్టు గ్రాంటుకి చాలా ఏళ్లపాటు పీహెచ్‌డీ వచ్చి రెండు నుంచి ఏడేళ్లయినవాళ్లు అని చూసింది, తల్లులకి ఒక్కో బిడ్డకి 18 నెలలు అదనంగా ఇచ్చింది. పిల్లల్ని పెంచిన కాలం అనుభవం కింద లెక్కకి రాదు, వయసులోకి మాత్రం ఎక్కేస్తుంది, ఆ తేడాని ఎవరో ఒకరు కాగితం మీద పెట్టారు.

రెండోవైపు కూడా చూడాలి. గేటు దగ్గర వయసు ఎక్కువైందంటారు, లోపలికి వెళ్లాక ఏళ్ల తరబడి జూనియర్ అనే అంటారు. బ్రిటన్‌లో కన్సల్టెంట్ (సీనియర్ స్పెషలిస్టు) లాంటి స్థాయికి చేరేందుకు ఇంకా శిక్షణలో ఉన్న డాక్టర్లని, పదేళ్లకి పైగా అనుభవం ఉండి ఆపరేషన్లు చేసేవాళ్లతో సహా, జూనియర్ డాక్టర్లనే పిలిచేవారు. ఆ మాట తమ నైపుణ్యాన్ని తక్కువ చేస్తోందని వాళ్లు గట్టిగా అడిగితే 2024 సెప్టెంబరులో దాన్ని రెసిడెంట్ డాక్టర్లుగా మార్చారు. మాటే కదా అనుకోవద్దు. జీతం పెంచమని అడిగినప్పుడు, ఒక నిర్ణయం తప్పని చెప్పబోయినప్పుడు ముందు అడ్డొచ్చేది ఆ మాటే, ఆ చివరి కుర్చీలో కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఆ శిక్షణ ఇచ్చేవాళ్లకి మెయిల్ పెట్టాను. వయసు హద్దు తీసెయ్యమని అడగలేదు, పుట్టినతేదీ గడి పక్కన వృత్తిలో చేరిన సంవత్సరానికి ఇంకో గడి పెట్టి, రెండిట్లో ఏది సరిపోయినా తీసుకోమన్నాను. వచ్చే ఏడాది బ్యాచ్‌కి చూస్తామన్నారు. అప్పటికి నాకు 37, వృత్తిలో మూడేళ్లు.