మూడు కాళ్ల కుక్క, కీమో: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఎముక క్యాన్సర్‌తో కాలు తీసేసిన కుక్కలకు కీమో ఇవ్వడం నా పనిలో పెద్ద భాగం. గదిలోకి వచ్చిన కుక్కేమో తోక ఊపుతూ బల్ల కింద వాసనలు చూస్తూ ఉంటుంది, దాన్ని తెచ్చినవాళ్లేమో కళ్లు తుడుచుకుంటూ ఉంటారు. వాళ్ల ఇంట్లో ఎవరో ఒకరికి కీమో జరిగి ఉంటుంది. అదంతా కళ్లారా చూసినవాళ్లు, మాట్లాడలేని జీవిని మళ్లీ అలా బాధపెట్టలేం అంటారు. తప్పు పట్టే మాట కాదది. కాకపోతే కుక్కల కీమో అలా ఉండదు.

ఇక్కడ ఎక్కువగా ఆస్టియోసార్కోమా గురించే రాస్తున్నా. కుక్కల్లో ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో సింహభాగం ఇదే. రాట్‌వీలర్, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, గ్రేహౌండ్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ.

అపోహ: కాలు తీసేస్తే ఇంక దాని బతుకు అయిపోయినట్టే

నిజానికి ఆ కాలు ఆపరేషన్‌కి చాలా ముందే పనికిరాకుండా పోయి ఉంటుంది. గడ్డ ఎముకను లోపల్నుంచి తినేస్తుంటే ఆ నొప్పి మామూలు మాత్రలకు లొంగదు, ఏదో ఒక రోజు చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. వారాల తరబడి మూడు కాళ్ల మీదే కుంటుతూ తిరిగిన కుక్కకు మనం కొత్తగా నేర్పేదేమీ ఉండదు, తీసేసేది నొప్పినే.

ఒక రాట్‌వీలర్‌కి వెనక కాలు తీసిన మర్నాడు పొద్దున, కడుపు కింద తువ్వాలు వేసి పైకి పట్టుకుని బయటికి తీసుకెళ్లాం. రెండడుగులు తూలింది, మూడో అడుగుకి గోడ చూసింది. ఉన్న ఒక్క వెనక కాలి మీద బ్యాలెన్స్ చేసుకుంటూ మూత్రం పోసి, ఇంక పదండి అన్నట్టు మమ్మల్నే లాక్కెళ్లింది. అన్నీ ఇంత హుషారుగా ఉండవు. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయి కాబట్టి ముందు కాలు పోయినవాటికి కొంచెం ఎక్కువ రోజులు పడుతుంది. మొత్తం మీద నాలుగు వారాల్లో చాలావరకు కుదురుకుంటాయి.

కొంచెం మోడైనా ఉంచొచ్చుగా అని అడుగుతారు. మోడు ఉంటే కుక్క దాన్ని వాడబోతుంది, నేలకు కొట్టుకుని పుండు పడుతుంది. అందుకే ముందు కాలైతే భుజం ఎముకతో సహా, వెనక కాలైతే తుంటి దగ్గరికి తీసేస్తాం.

ఒకటి ముందే చెప్పాలి, ఎందుకంటే ప్రాక్టీసు కొత్తలో నేను చెప్పడం మర్చిపోయి ఒక ఇంటివాళ్లను అర్ధరాత్రి హడలగొట్టాను. ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులకు కమిలిన రంగు పొట్ట కిందికి దిగుతుంది, కుట్ల దగ్గర నీరు చేరి మెత్తటి ఉబ్బు కూడా రావచ్చు. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. ఒక ఫొటో తీసి డాక్టరుకు చూపించండి చాలు. వేడిగా, ఎర్రగా ఉన్నా, చీము కారుతున్నా మాత్రం ఆగకుండా తీసుకెళ్లండి.

అపోహ: గడ్డ కాలితోనే పోయింది, ఊపిరితిత్తుల ఎక్స్‌రే కూడా క్లియర్, మరి కీమో దేనికి

ఎక్స్‌రేకి కనబడాలంటే గడ్డకు ఒక సైజంటూ ఉండాలి. ఈ క్యాన్సర్ బయటపడే నాటికే సుమారు 90 శాతం కుక్కల్లో కంటికి ఆనని కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకో మరో చోటికో చేరిపోయి ఉంటాయి. కాలు తీయడం నొప్పికి మందు, కీమో ఆ కణాలకు. కాలు మాత్రమే తీసి ఊరుకుంటే సగటున 4 నుంచి 5 నెలలు, కీమో కూడా ఇస్తే 10 నుంచి 12 నెలలు బతుకుతాయి. రెండేళ్లు దాటేవి దాదాపు అయిదింట ఒకటి. ఈ సగటు అనేది గడువు తేదీ కాదు, సగం కుక్కలు అంతకంటే ముందే పోతాయి, సగం అది దాటి బతుకుతాయి. మీది ఏ సగంలో ఉందో ముందే చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు, నేను కూడా చెప్పలేను.

అపోహ: కీమో అంటే జుట్టు ఊడి, వాంతులతో మంచం పట్టడమే

మనుషుల్లో చాలాసార్లు జబ్బును పూర్తిగా తుడిచేయాలన్న లెక్కతో, ఒళ్లు తట్టుకోగలిగినంత గట్టి మోతాదు ఇస్తారు. కుక్కల దగ్గర మా లెక్క వేరు, ఉన్నన్నాళ్లు బాగుండాలి. మోతాదు ఆ మేరకే ఉంటుంది. ఎక్కువగా వాడేది కార్బోప్లాటిన్ అనే కీమో మందు. కుట్లు తీసే రోజుల్లో మొదలుపెట్టి, మూడు వారాలకోసారి నరంలోకి, మొత్తం 4 నుంచి 6 సార్లు. మందు ఎక్కడానికి అరగంట కూడా పట్టదు, అదే రోజు ఇంటికి వెళ్లిపోతుంది. జుట్టు చాలా కుక్కలకు ఊడదు, మీసాలు రాలొచ్చు. పూడిల్‌లాగా జుట్టు ఆగకుండా పెరిగే జాతులకు మాత్రం పలచబడుతుంది. ఆపరేషన్‌కి గొరిగిన చోట తిరిగి రావడం మెల్లగా ఉంటుంది, కంగారు పడకండి.

అలాగని ఏమీ ఉండదని చెప్పను. ఇంజెక్షన్ రోజును క్యాలెండర్ మీద రాసి రోజులు లెక్కపెట్టుకోమంటాను, ఎందుకంటే ఇబ్బందులు దాదాపు లెక్క ప్రకారమే వస్తాయి. రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా కడుపు. వికారం, విరేచనాలు, తిండి మీద వెగటు. గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుంటూ మొహం తిప్పేసుకుందంటే అది మొండితనం కాదు, వికారం. వాంతుల మందు ముందే ఇంట్లో ఉండాలి, వాంతి అయ్యేదాకా ఆగొద్దు. రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే ఫోన్ చేయాల్సిందే.

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లరక్తకణాలు తగ్గుతాయి. బయటికేమీ కనబడదు, అదే చిక్కు. కుక్క ఊరికే డల్‌గా పడుకుంటే అలసిపోయిందేమో అనుకుంటాం. ఒక థర్మామీటర్ దానికోసమే కొనిపెట్టుకోండి, మలద్వారంలో పెట్టి చూడాలి. కుక్కకు 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. 103 దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. జ్వరమని మనుషుల పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ అస్సలు వేయొద్దు. తర్వాతి డోసుకు ముందు రక్తపరీక్షలో కణాలు తక్కువుంటే వారం వాయిదా వేస్తాం. అది మామూలే, ఆ వారంలో చికిత్స చెడిపోదు.

అపోహ: కీమో కుక్కను ఇంట్లో పిల్లలకు దూరంగా పెట్టాలి

ముద్దు చేయొచ్చు, పక్కన కూర్చోవచ్చు. జాగ్రత్తంతా మలమూత్రాలు, వాంతి దగ్గరే. ఇంజెక్షన్ తర్వాత కనీసం మొదటి మూడు రోజులు, మీ డాక్టరు ఇంకా చెప్తే అన్ని రోజులు, గ్లవ్స్ వేసుకుని ఎత్తండి. తడిసిన గుడ్డలు విడిగా ఉతకండి, గర్భిణులు, చిన్నపిల్లలు ఆ పనికి దూరంగా ఉండాలి.

అపోహ: మూలగట్లేదు, అంటే నొప్పి లేదు

కుక్కలు నొప్పిని దాచుకుంటాయి. ఊరికే ఒగర్చడం, రాత్రిళ్లు చోటు మార్చుకుంటూ తిరగడం, ఉన్నట్టుండి ఉలిక్కిపడి కాలు తీసేసిన వైపుకి చూసుకోవడం, ఇవన్నీ నొప్పే. లేని కాలు నొప్పెట్టడం మనుషుల్లో ఉన్నదే, కుక్కల్లోనూ ఉంటుందనే మేం అనుకుంటాం. దానికి నరాల నొప్పి మందులు వేరే ఉన్నాయి. అడగండి, మొహమాటపడకండి.

అపోహ: పాపం జబ్బుపడింది, అడిగినంత పెట్టాలి

నాలుగు కాళ్ల బరువు మూడు మోస్తున్నప్పుడు ప్రతి కిలోకి లెక్కుంటుంది. కీమో రోజుల్లో తినడమే గొప్ప అనిపిస్తుంది, నిజమే, కానీ బాగున్న వారాల్లో చేయి బిగించాలి. పచ్చిమాంసం ఆపేయండి, కణాలు తగ్గిన ఒంటికి అందులోని బ్యాక్టీరియా చేటు. నెట్‌లో చూసిన పొడులు, ఆకులు మొదలుపెట్టే ముందు నాలాంటివాళ్లను ఒక్క మాట అడగండి, కొన్ని మందుకు అడ్డుపడొచ్చు.

తిండి కంటే ఎక్కువగా నేను నేల గురించి పోరుతుంటాను. నున్నటి టైల్స్ మీద మూడు కాళ్ల కుక్క ఒకసారి జారిందంటే ఇంక ఆ గదిలో అడుగే పెట్టదు, నీళ్ల గిన్నె అటువైపుంటే నీళ్లు తాగడం కూడా మానేస్తుంది. పడక నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి గుమ్మం దాకా జారని మ్యాట్లు వరసగా వేయండి. గోళ్లు, పాదాల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి. నడక ఒక్కసారి పొడుగ్గా వద్దు, పది నిమిషాలవి రెండు మూడు చాలు.

అపోహ: మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు

ఏ డోసు దగ్గరైనా ఆపొచ్చు. రెండు మూడు నెలలకోసారి ఛాతీ ఎక్స్‌రే తీస్తాం, ఊపిరితిత్తుల్లో గడ్డలు కనబడితే ఆ మందుతో ఇంక పెద్ద లాభం ఉండదని నేనే చెప్తాను. ఒకావిడ మూడో డోసు తర్వాత వచ్చి, కారు ఎక్కించిన దగ్గర్నుంచి వణికిపోతోందండీ, ఇంక తీసుకురాలేను, మీరు తిడతారేమో అని చెప్పడానికి రెండు రోజులు ఆలోచించా అన్నారు. తిట్టడానికేముంది. నొప్పి మాత్రల చీటీ మార్చి రాసిచ్చాను, తర్వాతి ఎక్స్‌రేకి రావాలో వద్దో కూడా ఆవిడనే చూసుకోమన్నాను. కుక్క అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది.